గొళ్లేనికి కట్టిన నూలుపోగు

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను బీడీ కార్ఖానాలో వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందు ఇంకా నలుగురు ఆడవాళ్ళున్నారు. ఫోన్ చేసింది పెద్దమ్మ పనిచేసే షెడ్డులో సాంచాలు నడిపే గల్లీ తమ్ముడు, పిలుపుకే తమ్ముడు. సాంచ అంటే మరమగ్గం, మా షోలాపూర్‌లో అందరమూ అట్లాగే అంటాం. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ చప్పుడులో అతని మాట సగమే వినబడేది. ఆ రోజు వెనక ఏ చప్పుడూ లేదు.

“అక్కా, పెద్దమ్మ లేదిగ. పోగులు అతుక్కుంట అతుక్కుంట కూసున్న కాడ్నే ఒరిగింది. నీళ్ళు తాపుదామనేసరికే అయిపోయింది. జల్దీ రా అక్కా.”

నాకు వెంటనే ఏడుపు రాలేదు. అన్నిటికంటే ముందు వచ్చిన ఆలోచన ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ‘నా తాళం వెనక పోలేదు, బతికాను’ అనుకున్నాను. చదువుతున్న మీరు నన్ను రాతిగుండె మనిషి అనుకుంటారేమో. అనుకోండి. ఆ తాళం సంగతి దాచిపెట్టి పెద్దమ్మ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే, దండ వేసి చేతులు దులుపుకున్నట్టవుతుంది. అట్లాంటి దండలు ఆమెకు మొన్న చాలానే పడ్డాయి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. కొంతం చౌక్ వెనక నేతగాళ్ళ గల్లీలో మా ఖోలీకీ ఆమె ఖోలీకీ, రెండు ఒంటిగదులకూ, మధ్య ఒకటే గోడ. ఇటు మేకు కొడితే అటు పెచ్చు ఊడేది. ఇటు మా అమ్మ దగ్గితే అటునుంచి “నీళ్ళు తాగు పిల్లా” అని వినబడేది. మా తాతలూ వాళ్ళ తాతలూ తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. ఊరు విడిచి మూడు తరాలైనా ఇళ్ళలో ఆ ఊరి మాటే, మధ్యమధ్య మరాఠీ, హిందీ ఎక్కడ పడితే అక్కడ. నేను తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఇట్లా పుస్తకం భాషలో రాయగలుగుతున్నాను. పెద్దమ్మకు చదివి వినిపిస్తే “గిదెవలి భాష పిల్లా, బడి పంతులుదా?” అని నవ్వేది.

ఆమె చేసే పనిని వైపని అంటారు. సాంచ మీద పడుగు అయిపోవచ్చినప్పుడు చివరిదాకా నేసేయరు, కొంత కొస మిగిల్చి ఆపుతారు. కొత్త పడుగు చుట్టిన బీము తెచ్చి వెనక ఎక్కిస్తారు. అప్పుడు ఒకరు కూర్చుని, పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి పట్టుకుని మెలిపెట్టి అతకాలి. అట్లా వేల పోగులు. అన్నీ అతికాక మెల్లగా లాగితే, పాతవి కొత్తవాటిని వెంటబెట్టుకుని పన్నె అనే దువ్వెన పళ్ళ సందుల్లోంచి ఇవతలికి తీసుకొస్తాయి. తొందరపడి పాత కొసను ముందే కోసేస్తే కొత్త పోగులకు దారి ఉండదు. ఒక్కొక్కదాన్నీ మళ్ళీ మొదటినుంచి పన్నెలో దూర్చుకోవాలి, రోజంతా వృథా. ఇది మామూలుగా మగవాళ్ళ పని. పెద్దమ్మ భర్త చేసేవాడు, ఆమె పక్కన కూర్చుని పోగులు అందించేది. ఆయన పోయి దినాలు కాగానే ఆ చిన్న పీట లాక్కుని ఆయన చోట్లో కూర్చుంది. షెడ్డు యజమాని సేటు నోరెత్తలేదు. ఆమె వేళ్ళు ఆయన వేళ్ళకంటే వడిగా ఉన్నాయని అతనికి ఎప్పుడో తెలుసు.

వేళ్ళ కొసలకు చిటికెడు బూడిద అద్దుకుని మొదలుపెట్టేది. చూపు మందగించాక కూడా ఆ పని ఆగలేదు. “ఇది కండ్ల పని గాదు బిడ్డా, ఏలి కొసల పని” అనేది. ఆ బొటనవేలు ఎంత అరిగిందంటే రేషన్ దుకాణంలో మిషన్ దాన్ని ఒప్పుకునేది కాదు. నాలుగుసార్లు ఒత్తించి, తుడిచి మళ్ళీ ఒత్తించి దుకాణదారు విసుక్కుంటే, “నేనే అని నేను చెప్తున్న గదరా, గా డబ్బకేమెర్క నా సంగతి?” అని మొత్తం వరుసను నవ్వించింది. బియ్యం తీసుకునే కదిలింది.

ఇక ఆమె తలుపు. పెద్దమ్మ ఖోలీకి తాళం ఉండేది కాదు. షెడ్డుకు పోయేటప్పుడు తలుపు దగ్గరికి వేసి, గొళ్లేనికి ఒక నూలుపోగు చుట్టి నేతముడి వేసేది. తిరిగి వచ్చి గోటితో ఆ ముడిని ఎక్కడో ఒకచోట నొక్కితే విడిపోయేది. ఆ పోగును మళ్ళీ జాగ్రత్తగా కొంగున కట్టుకునేది. చిన్నప్పుడు నేను అడిగాను, దొంగలొస్తే ఎట్లా అని.

“దొంగ కోసం గాదు బిడ్డా ఇది. మనోళ్ళ కోసం. తాళమేసిన్నంటె ఊరికి పోయినట్టు. పోగు గట్టిన్నంటె ఈడ్నే యాడనో ఉన్నట్టు. వచ్చినోళ్ళకు ఎర్కగావాలె గద.”

గల్లీ అందరికీ అది తెలుసు. పోగు ఉంటే షెడ్డులో వెతికేవాళ్ళు, లేదంటే కాసేపాగి వచ్చేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు అమ్మ ఊపిరితిత్తులు పాడై దవాఖానలో చేరింది. నాన్న భివండీకి పనికి పోయి మొదట్లో పండగలకు వచ్చేవాడు, తర్వాత అదీ మానుకున్నాడు. ఆ జబ్బు పేరు విని చుట్టాలు వార్డు గుమ్మం దాకా కూడా రాలేదు. పెద్దమ్మ వచ్చింది. నేల మీద చాప పరుచుకుని అమ్మ మంచం పక్కనే ఉండిపోయింది. చేతులు ఊరికే ఉండనివ్వవు కదా, మంచం కోడుకు నూలు ముక్కలు కట్టి, కొసలు అతుకుతూ కూర్చునేది.

ఆ వార్డులో ఒక సిస్టరమ్మ ఉండేది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. ఆమె తెలుగుకు మేం నవ్వేవాళ్ళం, మా తెలుగుకు ఆమె నవ్వేది. ఒకరోజు పెద్దమ్మను అడిగింది: “ఈవిడకు మీరు ఏమవుతారమ్మా?”

“ఒక్క గోడ అవుతం” అంది పెద్దమ్మ.

సిస్టరమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక స్టూలు లాక్కుని కూర్చుని బైబిల్లోని ఒక అత్తాకోడళ్ళ కథ చెప్పింది. ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళే. అత్త పరాయి దేశం నుంచి తన ఊరికి మళ్ళింది. నీ పుట్టింటికి పొమ్మని కోడలికి చెప్పింది. కోడలు వినలేదు. నువ్వు పోయే చోటికే నేను వస్తానని, నువ్వు ఉండే చోటే ఉంటానని, నీవాళ్ళే నావాళ్ళని అంది. సిస్టరమ్మ మరునాడు ఆ వాక్యం అచ్చువేసిన చిన్న అట్టముక్క తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. పెద్దమ్మకు చదువు రాదు. నాకిచ్చి “సదువు” అంది. చదివాను. “మల్ల సదువు” అంది. అమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. ఆ వారంలోనే అమ్మ పోయింది. పోయేముందు ఏమీ చెప్పలేదు, మాట్లాడే ఓపిక లేదు. నా చేయి తీసి పెద్దమ్మ చేతిలో పెట్టింది, అంతే.

అట్టముక్క మా ఇద్దరితో పాటు గల్లీకి వచ్చింది. పెద్దమ్మ దాన్ని దేవుడి గూట్లో మార్కండేయుడి పటం వెనక నిలబెట్టింది. ఎవరో ఏదో అనబోతే, “దేవుడెవలైతేంది, మాట మంచిగున్నది” అని నోరు మూయించింది.

అప్పటినుంచి నేను ఆమె ఇంట్లోనే పెరిగాను. బడికి పంపింది, బీడీలు చుట్టడం నేర్పించింది, పెళ్ళి చేసింది. చేసిందని ఆమె ఎన్నడూ అనలేదు. అనే పని గల్లీ ఆడవాళ్ళు తీసుకున్నారు. నీళ్ళ దగ్గర, ఆకు కత్తిరించే దగ్గర, పేరంటంలో, ఎవరు కనబడినా ఒకటే మాట: “పెద్దమ్మ నీ కోసం ఎంత చేసిందో మర్వకు బిడ్డా.” వినీ వినీ నాకు ఒక్కోసారి ఊపిరాడేది కాదు. ఎవరైనా గుర్తుచేయకముందే నేనే గుర్తుచేసుకునే అలవాటు పట్టింది. విశ్వాసంగా ఉండడం అంటే ఎప్పటికైనా అందరూ చూసేలా ఏదో ఒకటి చేసి చూపించడం అనుకున్నాను. ఆ అదను ఊరి బయట కుంభారిలో ఇల్లు రూపంలో వచ్చింది.

బీడీ కార్మికుల ఇళ్ళలో నా పేరున ఒకటి వచ్చింది. లోపలే నల్లా, లోపలే మరుగుదొడ్డి, గ్రిల్లు పెట్టిన కిటికీ. గల్లీలో బకెట్లతో వరుసలో నిలబడి పెరిగిన నాకు అది మేడే. తాళాలు చేతికి వచ్చిన రోజు నేరుగా పెద్దమ్మ దగ్గరికి ఉరికాను.

“సిస్టరమ్మ కార్డు యాదికున్నదా? నువ్వేడుంటె నేనాడ. నిన్ను ఈడ ఇడిసిపెట్టి నేను పోను. నడువ్, సామాన్లు కడదాం” అన్నాను.

పెద్దమ్మ చేతిలోని పోగు పక్కన పెట్టింది. “ఆడ సాంచాలున్నయా?” అని అడిగింది.

“లెవ్వు. చప్పుడే ఉండది, మస్తు నిమ్మలం.”

“నిమ్మలం” అంది ఆమె, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. బయల్దేరే రోజు అందరూ తాళం వేయమన్నారు. సేటు అయితే, ఖోలీలో నూలు కోన్లు పెట్టుకుంటాను, తాళం నేనే చూసుకుంటానన్నాడు. పెద్దమ్మ ఎవరి మాటా వినకుండా గొళ్లేనికి పోగు చుట్టి ముడి వేసింది. నేను నవ్వాను. ఆటో ఎక్కించి, ఆమె పక్కన కూర్చుని, గల్లీ వాళ్ళంతా చూస్తుండగా చేయి ఊపాను. నా గుండె ఆ రోజు ఉప్పొంగిపోయింది. అదే నాకు ఇప్పుడు ఒళ్ళు మండే జ్ఞాపకం.

కుంభారిలో ఇళ్ళన్నీ ఒకే తీరు. ఒకే రంగు, ఒకే తలుపు, ఒకే కిటికీ, వరుస తర్వాత వరుస. మా ఆయన తెల్లవారకముందే టవల్ షెడ్డుకు బండి మీద పోయేవాడు. నేను చుట్టిన బీడీలు అప్పజెప్పి ఆకు తెచ్చుకోవడానికి బస్సెక్కేదాన్ని. వెళ్ళి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. మూడో వారంలో ఒకరోజు వచ్చి చూస్తే మా తలుపుకు నూలుపోగు కట్టి ఉంది. పెద్దమ్మ లేదు. ఇరుగుపొరుగుతో కలిసి వరుసలన్నీ వెతికాను. చివరికి పెద్ద రోడ్డు పక్కన, లారీలు దుమ్ము లేపుతూ పోయే చోట రాయి మీద కూర్చుని కనబడింది. కొంతం చౌక్ బస్సు ఎక్కడ ఆగుతుందో అడుగుతూ అడుగుతూ అక్కడిదాకా వచ్చిందట. తిరిగి పోదామంటే ఏ ఇల్లు మాదో గుర్తుపట్టలేకపోయిందట.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. “రేపు రోడ్డు మీద ఏమన్న అయితే ఏం చేద్దాం? గల్లీ గల్లీ మన మొఖాన ఉమ్ముతది” అన్నాడు. నాకూ అదే భయం. మరునాడు పొద్దున నేను బయటినుంచి తాళం వేశాను.

మొదటిరోజు సగం దూరం పోయి, తిరిగొచ్చి తలుపు చూసుకున్నాను. నాలుగోరోజుకు నేరుగా పోయి బస్సెక్కాను. తాళం వేశాక రెండుసార్లు గుంజి చూడడం నా అలవాటు. తలుపు అవతలినుంచి “గుంజి చూసినవా?” అనేది పెద్దమ్మ. “ఆ, చూసిన” అనేదాన్ని. “మంచిది, పో” అనేది. వచ్చేసరికి తలుపు వెనకే నిలబడి ఉండేది. తలుపు పక్క గోడ మీద ఆమె చేయి ఆనించే చోట సున్నం మాసిపోయింది. అన్నం తినేది, మాట్లాడేది, నవ్వేది కూడా. ఆ నవ్వు చూసి నేను మోసపోయాను. “తాళంచెవి పైలం బిడ్డా, బస్సుల మంది ఉంటరు” అని రోజూ చెప్పేది. నా మీద ఎంత పాయిరమో, ఎంత ప్రేమో అనుకునేదాన్ని. లోపల ఉన్నవాళ్ళకు తాళంచెవి గురించి ఎన్ని ఆలోచనలు వస్తాయో నాకు అప్పుడు తట్టలేదు. ఇట్లా నాలుగు నెలలు.

వానాకాలంలో ఒకరోజు బస్సులు ఆగిపోయాయి. నేను ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. తాళం తీస్తే తలుపు వెనక పెద్దమ్మ లేదు. చెప్పులతోనే లోపలికి ఉరికాను. కిటికీ దగ్గర ఉంది. తన పాత చీర అంచు చింపి, అందులోంచి పోగులు లాగి, గ్రిల్లు చువ్వలకు వరసగా కట్టి, వాటి కొసలకు వేరే పోగులు అతుకుతోంది. కట్టెల పొయ్యి లేని ఇంట్లో బూడిద ఎక్కడిది? అగరుబత్తి నుసి అద్దుకుంది. కిటికీ పై నుంచి కింది దాకా పడుగే. దాన్ని నేసే సాంచ మాత్రం లేదు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒకటి పట్టుకుంటే రెండోది బయటికి దూకింది. “నేనేం తక్కువ చేసిన పెద్దమ్మా? చీరలు లెవ్వా, అన్నం లేదా? గా కార్డు మీద రాసినట్టే గద చేస్తున్న! నువ్వేడుంటె ఆడ నేను, నేనేడుంటె ఆడ నువ్వు అనే గద!”

పెద్దమ్మ చేతిలో పోగు వదలకుండానే అంది: “కార్డు తే. సదువు.”

వెంట తెచ్చుకున్న పటం వెనకనుంచి తీసి చదివాను. చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన వాక్యమే.

“ఇగ చెప్పు. ఎవలు ఎవలెంబడి పోయిన్రు?”

“కోడలు, అత్తెంబడి” అన్నాను.

“ఆ కోడలు ముసల్దాన్ని తన ఊరికి గుంజుకపోలె బిడ్డా. ముసల్దాని ఊరికి తానే పోయింది. నువ్వు సగం నువ్వే కలిపి సదువుతున్నవ్. నేనేడుంటె ఆడ నువ్వు అని కార్డు మీద యాడున్నది?”

అట్టముక్క నా చేతిలో ఉంది. మళ్ళీ చూశాను. ఎక్కడా లేదు.

“మీ అమ్మ దవాఖాన్ల ఉంటె నేను దవాఖానకు పోయిన. ఇంటికి తోల్కొస్తె నాకు సులువుగుండు, పని గూడ ఇడిసేది గాదు. గని ఆమె ఉన్నది ఆడ గదా” అంది. నా తల మీద చేయి పెట్టి, “నీకు నా మీద పాయిరమున్నది, నాకెర్క లేదా? పాయిరానికి తాళమెందుకు పిల్లా?” అంది. తిట్టినట్టు కూడా లేదు ఆ గొంతు. తిట్టి ఉంటే బాగుండేది.

అంత విన్నాక మరునాడే ఆమెను గల్లీకి తీసుకుపోయానని రాయగలిగితే ఎంత బాగుండు. తీసుకుపోలేదు. ఇంకో పదిహేను రోజులు అదే తాళం వేశాను, అట్లాగే రెండుసార్లు గుంజి చూశాను. పెద్దమ్మ అవతలినుంచి అడగడం మానేసింది. నాకు అడ్డుపడింది రోడ్డు భయం ఒక్కటే కాదు. ‘ఉంచుకోలేక తిరిగి పంపేసింది’ అని గల్లీ అంటుందే, ఆ మాట. కృతజ్ఞత నలుగురి నోట పడ్డాక దాన్ని విప్పుకోవడం ఎంత కష్టమో నాకు ఆ పదిహేను రోజుల్లో తెలిసింది. తలుపుకు అవతల ఆమె, ఇవతల నేను, ఇద్దరికీ తాళం ఒకటే.

చివరికి మా ఆయనే ఒక పొద్దున చెప్పులు వేసుకుంటూ అన్నాడు. “సేటుతోని మాట్లాడిన. ఖోలీల కోన్లు తీపిచ్చిండు. తోల్కపో. ఎవలేమంటే నేను చెప్పుకుంట.” పెద్దమ్మ వినలేదనుకున్నాను. చూస్తే అప్పటికే చీరలు రెండు మూటగట్టి ఉంది.

బస్సులో కండక్టర్ “ఆజీ, కుఠే?” అన్నాడు, ఎక్కడికి అని. నేను టికెట్ చెప్పేలోపలే పెద్దమ్మ బస్సంతా వినబడేలా “ఘరీ!” అంది. ఇంటికి. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వు నాలుగు నెలల నవ్వులాంటిది కాదు. కొంతం చౌక్‌లో దిగాక నా చేయి పట్టుకోలేదు. నాకంటే పది అడుగులు ముందు నడిచింది. గల్లీ మలుపులో సాంచాల చప్పుడు వినబడగానే ఒక్క నిమిషం ఆగి, కొంగు సరిచేసుకుని, మళ్ళీ నడిచింది.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ నేను భయపడిన నోళ్ళన్నీ ఆ రోజు పెద్దమ్మకు చాయ్ తెచ్చి ఇవ్వడంలో మునిగిపోయాయి.

ఆ తర్వాత రెండు నెలలు నేనే ఆమె దగ్గరికి పోయాను. బీడీలు అప్పజెప్పి, గల్లీకి నడిచి, ఇద్దరం కలిసి తిని, షెడ్డులో ఆమె పీట పక్కన కూర్చునేదాన్ని. వైపని నేర్పమన్నాను. నా వేళ్ళు ఆకుకు అలవాటుపడిన వేళ్ళు. నేను అతికిన పోగులు లాగగానే ఊడిపోయేవి. “పాతదాన్ని గట్టిగ పట్టకు, తెగుతది. ఊకె ఆనుకో” అనేది. ఆ గొళ్లెం ముడి కూడా నేర్పింది. కట్టడం వచ్చింది, విప్పడం రాలేదు. కథలో కోడలిలాగా పూర్తిగా వచ్చేశానని చెప్పను. సాయంత్రం కాగానే కుంభారి బస్సు ఎక్కేదాన్ని. ఆ కోడలంతదాన్ని కాదు నేను.

ఆ రోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే షెడ్డుకు వచ్చిందట. చాయ్ తాగి, బూడిద అద్దుకుని కూర్చుందట. నేను పోయేసరికి ఎడమవైపునుంచి సగం పడుగు అతికి ఉంది, తక్కిన సగం వేలాడుతోంది. షెడ్డు వాకిట్లోనే పడుకోబెట్టారు, అక్కడే స్నానం, అక్కడే కొత్త చీర. ఒరిగినచోట సాంచ పక్కన దీపం పెట్టారు. సాంచ మూడు రోజులు ఆపేశారు. మూడోరోజు వేరే వైపని మనిషి వచ్చి కుడివైపునుంచి మొదలుపెట్టాడు. ఆమె అతికిన సగాన్ని ఒకసారి వేలితో తడిమి చూసి, తన పని చేసుకున్నాడు.

మూడోరోజు కార్యం అయ్యాక తమ్ముడు నాతో అన్నాడు: “అక్కా, ఖోలీల సామాన్లున్నయ్. తాళమేస్కపో.” తాళం నా సంచిలోనే ఉంది, కుంభారిది. అది అలవాటుగా సంచిలో పడి ఉంటుంది. తీసుకుని పెద్దమ్మ ఖోలీకి నడిచాను. ఈ మూడు రోజుల గొడవలో ఆ తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు, తెరవాల్సిన పని ఎవరికీ పడలేదు.

గొళ్లేనికి నూలుపోగు చుట్టి ఉంది. ఆ పొద్దున షెడ్డుకు పోతూ వేసిన ముడి.

గోటితో నొక్కి చూశాను. ఎక్కడ నొక్కాలో నాకు రాదు. పళ్ళతో తెంపితే అయిపోయే పోగే, నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాను. తాళం పట్టుకుని గడప మీద కూర్చున్నాను. షెడ్డులో సాంచ మొదలైంది. ఆమె అతికిన సగమూ అతను అతికిన సగమూ కలిసి కదులుతున్నాయన్నమాట.

అప్పుడే వేరే గల్లీ కార్ఖానా నుంచి ఒకావిడ వచ్చింది. వైపనికి పెద్దమ్మను పిలుచుకుపోవడానికి వచ్చిందట. ఆమెకు కబురు అందలేదు. “పెద్దమ్మ లేదా?” అని అడిగింది.

నేను నోరు విప్పేలోపలే ఆమె చూపు గొళ్లెం మీద పడింది.

“ఆ, పోగు గట్టింది. ఈడ్నే యాడనో ఉంటది తీ. మల్లొస్త” అని వెళ్ళిపోయింది.

నేను ఆమెను వెనక్కి పిలవలేదు. తాళాన్ని మళ్ళీ సంచిలో వేసుకున్నాను.